ఉప్పెనకు కదిలే ప్రభుత్వం ఉప్పుకు కదలదా?

2022 మే 24న అమలాపురంలో ఒక పేరు మీద నిప్పు రాజుకుంది. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చడాన్ని సహించలేని గుంపులు వీధుల్లోకి వచ్చాయి. ఒక మంత్రి ఇంటిని, ఒక శాసనసభ్యుని ఇంటిని తగలబెట్టాయి. ఆ తరువాత రోజుల తరబడి జిల్లాలో ఇంటర్నెట్ ఆగిపోయింది. జూన్‌లో అదే జిల్లా రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయనీ, అమ్మిన ధాన్యానికి డబ్బు చేతికి రావడం లేదనీ వారి మొర. ఆ వార్తకు పత్రికల్లో దక్కిన చోటు, అల్లర్లకు దక్కిన చోటుతో పోలిస్తే చాలా చిన్నది. జూలై వచ్చేసరికి గోదావరి వచ్చింది. పెద్ద వరద అంటే ఆగస్టులో వస్తుందన్నది తాతల నాటి లెక్క. ఆ లెక్క తప్పి, జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రం దారి పట్టింది. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయి.

ఒకే జిల్లాలో వరుసగా మూడు నెలల్లో జరిగిన ఈ మూడు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, నేడు ప్రపంచమంతటా మేధావులు వాదించుకుంటున్న ఒక ప్రశ్న మన గుమ్మం ముందుకే వచ్చి నిలుస్తుంది. ఐదేళ్ళకోసారి ఓటు అడిగే ప్రభుత్వం, యాభై ఏళ్ళ పాటు నెమ్మదిగా ముంచుకొచ్చే వాతావరణ విపత్తుకు బదులు చెప్పగలదా? జనం పేరు కోసం వారం రోజుల్లో కదిలి, కాలువ కోసం పదిహేనేళ్ళయినా కదలకపోతే, ఆ జనం ఎన్నుకున్న ప్రభుత్వం మాత్రం ఎందుకు కదులుతుంది?

ఈ ప్రశ్నకు తొందరపడి లేదని చెప్పడం అన్యాయం. ఈ తీరంలోనే దానికి ఎదురు సాక్ష్యం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. హెచ్చరిక ఊళ్ళకు చేరలేదు, చేరిన చోట ఎక్కడికి పోవాలో జనానికి తెలియలేదు. ఆ దారుణాన్ని పత్రికలు దేశమంతటికీ చూపించాయి. మూడు నెలలు తిరిగేసరికి శాసనసభ ఎన్నికలు వచ్చాయి, నాటి ప్రభుత్వం గద్దె దిగింది. ఉప్పెన ఒక్కటే దానికి కారణమని ఎవరూ అనరు. కానీ ఆ తరువాత ఏ ప్రభుత్వమూ తుపానును తేలికగా తీసుకునే ధైర్యం చేయలేదు. తీరమంతటా తుపాను రక్షణ భవనాలు లేచాయి. 1990 మేలో దాదాపు అంతటి తుపాను కృష్ణా ముఖద్వారం వద్ద తీరం తాకినప్పుడు ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపు. అది చిన్న సంఖ్య కాదు. అయినా పదివేలకూ దానికీ మధ్య ఉన్న తేడా, జవాబు చెప్పవలసిన ప్రభుత్వం ఉండడం వల్ల మిగిలిన ప్రాణాల తేడా.

ఈ దారి తిన్నగా సాగలేదు. 1996 నవంబరు 6న కోనసీమ మీదే పడిన తుపానులో మళ్ళీ వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. భైరవపాలెం వైపు మత్స్యకార కుటుంబాలు తుడిచిపెట్టుకుపోయాయి. లక్షల కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. నాటి దృశ్యం చూసినవారు నేటికీ తమ జీవితాన్ని ఆ తుపానుకు ముందు, తరువాత అని లెక్కిస్తారు. కానీ 2014లో విశాఖను ఊడ్చిన హుద్‌హుద్ నాటికీ, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా నాటికీ ప్రాణనష్టం ఎంతో తగ్గింది. గాలి తగ్గి కాదు, హెచ్చరిక, తరలింపు, రక్షణ భవనం, వండిన అన్నం, వీటికి ఒక పద్ధతి ఏర్పడడం వల్ల.

అదే కాలంలో ప్రశ్నించే నోరు లేని చోట ఏం జరిగిందో కూడా చూడాలి. దివిసీమ ఉప్పెనకు రెండేళ్ళ ముందు, 1975 ఆగస్టులో, చైనాలోని హెనాన్ రాష్ట్రంలో తుపాను వానకు బాన్‌చియావ్ ఆనకట్ట తెగిపోయింది. మృతులు వేలల్లో అని ప్రభుత్వ లెక్క, లక్ష దాటారని ఇతర అంచనాలు. ఆ సంగతి సంవత్సరాల తరబడి బయటి లోకానికి తెలియనే లేదు. 2008 మేలో మయన్మార్‌ను నర్గిస్ తుపాను ముంచినప్పుడు చనిపోయినవారు, కనిపించకుండా పోయినవారు కలిసి లక్షా 38 వేల మంది. విదేశీ సహాయ నౌకలు తీరం బయట ఎదురుచూస్తుంటే సైనిక ప్రభుత్వం ఆ వారంలోనే తన రాజ్యాంగంపై జనాభిప్రాయ సేకరణ జరుపుకుంది.

ముస్లిం లోకానికి మరింత దగ్గరి ఉదాహరణ తూర్పు బెంగాల్. 1970 నవంబరు 12న భోలా తుపానులో మూడు నుంచి ఐదు లక్షల మంది మరణించారు. యాహ్యా ఖాన్ సైనిక ప్రభుత్వం చూపిన నిర్లక్ష్యం ఎంత లోతుగా గాయపరిచిందంటే, నెల తిరగకుండా జరిగిన ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సీట్లలో 160 అవామీ లీగ్ గెలుచుకుంది. ఏడాది గడిచేసరికి పటం మీద ఒక కొత్త దేశమే పుట్టింది. పాలకుల మతమూ పాలితుల మతమూ ఒకటే. అది ఒక్కరి ప్రాణమూ కాపాడలేదు. ఆ కొత్త దేశం 1972లో ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలతో తుపాను సన్నద్ధతా కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు వారి సంఖ్య 70 వేలకు పైమాటే. 1991లో మళ్ళీ లక్షకు పైగా చనిపోయారన్నది నిజం. కానీ 2020లో అంఫన్ తుపానుకు బంగ్లాదేశ్‌లో మరణాలు పదుల్లోకి దిగాయి. ఈ యాభై ఏళ్ళలో ఢాకాలో సైనికులు వచ్చారు, పోయారు, ఎన్నికలు జరిగాయి, జరగకుండానూ పోయాయి. నిలిచింది మాత్రం ఊళ్ళో మైకు పట్టుకుని తిరిగే ఆ కార్యకర్త. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీనికి రావలసి ఉంది.

ఇంత చరిత్ర ఉన్నా, 'ఓట్ల ప్రభుత్వాలతో కాదు, గట్టి చెయ్యి కావాలి' అనే వాదన చదువుకున్నవారి నోట తరచుగా వినిపిస్తోంది. 2010లో బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్, యుద్ధ సమయంలో లాగా ప్రజాస్వామ్యాన్ని కొంతకాలం పక్కన పెట్టవలసి రావచ్చునని అన్నారు. చైనా సౌర ఫలకాలను పరిచే వేగాన్ని చూపి మన దేశంలోనూ ఈ మాట అనేవారున్నారు. అదే చైనా ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ బొగ్గు కాలుస్తోందన్న సంగతి ఆ మాటలో మరుగున పడుతుంది.

గట్టి చెయ్యి అంటే ఏమిటో భారతీయ ముస్లిములు పుస్తకాలు చదివి తెలుసుకోనక్కరలేదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 ఏప్రిల్‌లో, నగర సుందరీకరణ పేరిట ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు ఇళ్ళ మీదికి బుల్డోజర్లు వచ్చాయి. ఎదురు తిరిగినవారి మీద కాల్పులు జరిగాయి. నాడు సుందరీకరణ అన్నారు, నేడు పర్యావరణం అంటున్నారు. 2024 జూన్‌లో లక్నోలోని అక్బర్‌నగర్‌లో కుక్రైల్ నదీతీర అభివృద్ధి కోసం వెయ్యికి పైగా కట్టడాలను కూల్చివేశారు. అక్కడ నివసించినవారిలో అధికులు ముస్లిములు. నదులు బాగుపడాలనే కోరుకుంటాం. అయితే నది ఒడ్డున పేదవాడి గోడ మాత్రమే కనబడి, పెద్దవాడి కట్టడం కనబడని చూపు పర్యావరణ దృష్టి కాదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతలకు కళ్ళెం వేస్తూ తీర్పు ఇచ్చినప్పుడు మనమంతా సంతోషించాం. అందులో ఒక మినహాయింపు ఉన్న సంగతి చాలామంది గమనించలేదు. రోడ్లు, రైలు మార్గాలు, నదులు, నీటి వనరుల మీది ఆక్రమణలకు ఆ రక్షణ వర్తించదు. నీటి ఒడ్డున ఇల్లు కట్టుకునేది మరెక్కడా స్థలం దొరకనివాడు. వాతావరణ మార్పు పేరిట రేపు చేపట్టే ప్రతి పనీ ఆ ఒడ్డునే మొదలవుతుంది. అక్కడ ఉన్నవాడికి అడిగే హక్కు లేకపోతే, వరద కన్నా ముందు నోటీసు వస్తుంది.

కాబట్టి ప్రజాస్వామ్యాన్ని పక్కన పెట్టే మాట మనకు పనికిరాదు. అంతమాత్రాన అది చేయవలసినదంతా చేస్తోందని చెప్పుకోవడమూ కుదరదు. ఇక్కడ కోనసీమ లోపలికి రావాలి.

పలివెల నుంచి సముద్రం కనబడదు. కొత్తపేట మండలంలోని ఈ ఊరు కొబ్బరి తోటల నడుమ, కాలువ నీటి మీద బతుకుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మధ్య డెల్టాకు నీరు రావడం ఒక ఏర్పాటు, వచ్చిన నీరు పోవడం మరో ఏర్పాటు. మొదటి దాన్ని గురించి అందరూ మాట్లాడతారు, కాటన్ దొరకు విగ్రహాలు పెడతారు. రెండో దాన్ని గురించి మాట్లాడేది ముంపు రైతు ఒక్కడే. ఈ ప్రాంతంలో ఒకప్పుడు నదిగా పూజలందుకున్న కౌశిక, నీటిపారుదల శాఖ కాగితాల్లో ఎగువ కౌశిక, దిగువ కౌశిక అనే రెండు మురుగు కాలువలు. నదిని మురుగు కాలువగా రాసుకోవడం ఒక ఎత్తు, ఆ మురుగు కాలువనైనా తవ్వకపోవడం మరో ఎత్తు. గుర్రపుడెక్క, తూడు అల్లుకున్న కాలువలో వాన నీరు దిగదు. కుండపోత వాన పడే రోజులు పెరుగుతున్నప్పుడు, వారం రోజుల్లో లాగవలసిన నీటిని కాలువ రెండు వారాలైనా లాగదు.

2011లో కోనసీమ రైతులు దేశం విస్తుపోయేలా వేలాది ఎకరాల్లో నాట్లు మానేశారు. గిట్టుబాటు లేకపోవడం మొదటి కారణం, ముంపు దాని వెనుకే ఉన్న కారణం. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. కమిటీ వచ్చింది, విన్నది, నివేదిక ఇచ్చింది. పదకొండేళ్ళకు, 2022లో, అదే రైతులు అదే కాలువల మాట మళ్ళీ చెప్పవలసి వచ్చింది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ప్రారంభమైన గోదావరి డెల్టా ఆధునికీకరణ ఆయన తరువాత రోశయ్య, కిరణ్‌కుమార్‌రెడ్డి, చంద్రబాబు, జగన్‌మోహన్‌రెడ్డి, మళ్ళీ చంద్రబాబు ప్రభుత్వాలను చూసింది. పూర్తి కావడం మాత్రం ఇంతవరకు చూడలేదు. ఇందులో ఏ ఒక్క పార్టీనో నిలదీస్తే మిగిలినవారు నవ్వుకుంటారు.

మురుగు దిగని చోట ఉప్పు ఎక్కుతుంది. ప్రపంచ సముద్ర మట్టం 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం తేల్చింది. ఏడాదికి ఒక చీమ ఎత్తు, వినడానికి నవ్వులాట. కానీ డెల్టా నేల అంటే సముద్రానికి గట్టు కాదు, నది ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రు. పైన ఆనకట్టలు పెరిగిన కొద్దీ ఆ ఒండ్రు తగ్గింది. 1970వ దశకంలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండిన గోదావరి ఒండ్రు, 1990వ దశకం నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. సముద్రం పెరుగుతోంది, నేలకు మేత తగ్గుతోంది, మధ్యలో రొయ్యల చెరువుల ఉప్పు నీరు పక్క పొలాల్లోకి ఊరుతోంది.

రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తం డ్రెయిన్ దీనికి కంటికి కనిపించే రుజువు. పోటు సమయంలో సముద్రపు నీరు ఆ కాలువలో ఎదురెక్కి తోటల్లోకి చొరబడింది. కొబ్బరి చెట్టు ఉప్పును కొంతవరకు ఓర్చుకునే చెట్టు. అటువంటి చెట్లే వేల సంఖ్యలో మొవ్వు వాలిపోయి, మొండేలుగా నిలబడ్డాయి. రైతులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నాక, 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఆ మోడులను చూశారు. రావడం మంచిదే. అయితే ఆ పర్యటన తరువాత వారం రోజుల పాటు రెండు రాష్ట్రాల నాయకులు వాదించుకున్నది ఉప్పు నీటి గురించి కాదు, ఆ సభలో దొర్లిన 'దిష్టి' అన్న మాట గురించి. మూడేళ్ళ క్రితం ఒక పేరు, ఇప్పుడు ఒక మాట.

చట్టసభల తీరు ఇంతకన్నా మెరుగ్గా లేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీర నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను తొలగించమని ఆదేశించింది. పార్లమెంటు 2005లో కొత్త చట్టం చేసి ఆ తీర్పుకు గండి కొట్టింది. 2023లో దానికి సవరణ తెచ్చి, తీర నియంత్రణ మండలిలో ఆక్వా సాగుకు అనుమతి ఉన్నట్టుగా 2005 నుంచే వర్తించేలా రాసుకుంది. రెండు సార్లూ ప్రజాప్రతినిధులే ఓటు వేశారు. రొయ్య విదేశీ డబ్బు తెస్తుంది, చెరువు యజమాని ఎన్నికల ఖర్చుకు అక్కరకు వస్తాడు. ఉప్పుబారిన అరెకరం కౌలుదారు ఎవరి అక్కరకూ రాడు.

మన ప్రజాస్వామ్యపు బలమూ బలహీనతా ఇక్కడే తేటపడతాయి. ఉప్పెన ఒక రాత్రిలో వస్తుంది, శవాలు కనబడతాయి, కెమెరాలు వస్తాయి, ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఎక్కక తప్పదు. ఉప్పు ఇరవై ఏళ్ళలో వస్తుంది. దానికి శవం లేదు. బావి నీరు చప్పబడి, తరువాత చవుడెక్కి, తరువాత ఆడవారు బిందె పట్టుకుని మరో వీధికి పోతారు. దింపు కార్మికుడికి నెలకు నాలుగు రోజుల పని తగ్గుతుంది. ఒక పిల్లవాడు హైదరాబాదుకు, ఒక తల్లి కువైట్‌కు పోతుంది. ఏ తేదీన విపత్తు జరిగిందో ఎవరూ చెప్పలేరు. తేదీ లేని విపత్తుకు పరిహారం జీవో ఉండదు.

ఇటీవల మరొక చిక్కు వచ్చిపడింది. 'వాతావరణ మార్పు' అనే మాటే పాలకులకు సాకుగా మారుతోంది. పూర్వం వరద వస్తే దైవికం అనేవారు, ఇప్పుడు ప్రపంచ వాతావరణం అంటున్నారు. కాలువ పూడిక తీయకపోవడం, తలుపులు తుప్పు పట్టిన స్లూయిజులను మార్చకపోవడం, అనుమతి లేని చెరువులను చూసీ చూడనట్టు వదిలేయడం, ఇవేవీ అమెరికాలోనో చైనాలోనో కాలిన బొగ్గు చేసిన పనులు కావు. భారతీయుడి తలసరి కాలుష్యం ప్రపంచ సగటులో సగం కూడా లేదన్నది నిజం. సంపన్న దేశాలు మనకు బాకీ ఉన్నాయన్నదీ నిజం. ఢిల్లీ ఆ బాకీని అంతర్జాతీయ సభల్లో గట్టిగానే అడుగుతోంది. అదే న్యాయం లెక్కన అమరావతి లంక గ్రామానికి ఎంత బాకీ ఉందో కూడా అడగాలి కదా. కష్టాన్ని తఖ్దీర్ అనుకుని ఓర్చుకునే సద్గుణం మనవారిలో ఉంది. ఇంజనీరు చేయని పనిని కూడా తఖ్దీర్ ఖాతాలో రాసుకోవడం సద్గుణం కాదు.

ఇంతకూ ఈ లెక్కలో ముస్లిం కుటుంబం ఎక్కడుంది? కోనసీమలో మనవారు చెల్లాచెదురుగా ఉన్నారు. సొంత పొలం ఉన్నవారు కొద్దిమంది. దర్జీ పని, మాంసం దుకాణం, మోటారు మరమ్మతు, నూర్‌బాషా దూదేకుల కుటుంబాల పరుపుల పని, తోపుడు బండి, కొబ్బరి ఒలుపు, ఇవీ మన బతుకు తెరువులు. వరద వచ్చినప్పుడు అధికారి రాసుకునేది ఎకరాలు, చెట్లు, ఇళ్ళు. 2022 వరదలో కుటుంబానికి రెండు వేల రూపాయలు, బియ్యం ఇచ్చారు, దానికి సంతోషం. కానీ మూడు వారాలు మూతపడిన కుట్టుమిషనుకు, తడిసి ముద్దయిన దూదికి, అమ్ముడుపోక కుళ్ళిన పండ్ల బండికి ఏ పట్టికలోనూ గడి లేదు. కౌలు రైతుకు 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం ఇస్తామన్నారు, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని భయం, అడిగితే కౌలు పోతుందేమోనని కౌలుదారు భయం. చివరికి పంట పోయినవాడు ఒకడు, పరిహారం అందుకునేవాడు మరొకడు.

ఎండ సంగతి మరీ తేలికగా తీసుకుంటున్నాం. 2015 మేలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. అది 1996 తుపానుతో సమానమైన ప్రాణనష్టం. దానికి వార్షిక సంస్మరణ లేదు, రక్షణ భవనం లేదు. వీధి వ్యాపారంలో ఉన్న పురుష కార్మికుల వాటా దేశం మొత్తం మీద 8 శాతానికి లోపుంటే ముస్లిములలో 12 శాతానికి పైగా ఉందని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. అంటే ఎండ పెరిగే ప్రతి డిగ్రీ మన వీధిలో మరో నలుగురి మీద పడుతుంది. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో మైనారిటీలకు తగిన స్థానం ఇవ్వాలని రాసింది. అమలాపురంలో కానీ, మీ ఊరి పురపాలక సంఘంలో కానీ ఆ కమిటీ ఉందా, అందులో మనవారెవరైనా ఉన్నారా, అది ఒక్కసారైనా మధ్యాహ్నపు నీడ గురించి, మంచినీటి గురించి మాట్లాడిందా అని అడిగి చూడండి.

గల్ఫ్‌లో ఉన్నవారి మాట వేరే చెప్పాలి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా ఆరుబయట పని నిషేధం. రాజరికం ఉన్న దేశంలో ఆ పాటి నిబంధన ఉంది, ఎన్నికలున్న మన రాష్ట్రంలో ఇటుక బట్టీ కూలీకి అది లేదు. దీన్ని చూపి రాజరికమే మేలనేవారు, ఆ దేశంలో యజమాని ఇంటి వంటగదిలో ఉన్న కోనసీమ ఆడపడుచుకు ఏ చట్టం ఎంత అందుతోందో కూడా చెప్పాలి. ఆమె పంపే డబ్బుతో ఇక్కడ ఇల్లు నిలుస్తుంది. ఆమెకు ఇక్కడ ఓటు ఉన్నా స్వయంగా వచ్చి వేయాలి. విమానం టికెట్టు కొని ఓటు వేయడానికి వచ్చే పనిమనిషి ఎవరు? ఉప్పు తరిమేసినవారు ఓటర్ల జాబితాలో ఉండీ లేనివారవుతున్నారు.

న్యాయస్థానాల వైపు ఆశగా చూసేవారున్నారు. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల కింద పౌరుడి హక్కేనని సుప్రీంకోర్టు 2024లో రంజిత్‌సిన్హ్ కేసులో చెప్పింది. చిన్న ద్వీప దేశం వనువాటు చొరవతో అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జూలైలో, ఇది దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని అభిప్రాయం ఇచ్చింది. ఇవి విలువైన ఆయుధాలు. కానీ న్యాయమూర్తి కౌశికలో పూడిక తీయించలేరు.

బంగ్లాదేశ్ కార్యకర్త దగ్గరికి మళ్ళీ వెళదాం. ప్రాణాలు కాపాడింది రాజధానిలోని రాజ్యం రూపం ఒక్కటే కాదు, ఊళ్ళో పేరున్న మనిషి చేతిలో ఉన్న బాధ్యత. మన దేశంలో కొరవడింది సరిగ్గా అదే. రాజ్యాంగం 73వ సవరణ పదకొండో షెడ్యూలులో నీటి నిర్వహణ, చిన్న నీటిపారుదల, సామాజిక అడవులు సహా 29 అంశాలను పంచాయతీకి చూపించింది. ఆచరణలో ఏం జరిగింది? ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరితే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్ళు ప్రత్యేక అధికారులే సర్పంచులు. ఎన్నికైన సర్పంచులు ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిలకు మళ్ళించారని రోడ్డెక్కవలసి వచ్చింది. కాలువల నిర్వహణకు 1997 చట్టం తెచ్చిన నీటి సంఘాలకు ఏళ్ళ తరబడి ఎన్నికలే లేవు, చివరికి 2024 డిసెంబరులో జరిగాయి. అక్కడా ఓటు రికార్డుల్లో పేరున్న సాగుదారులదే. కాలువ పొంగితే నీరు చేరే కాలనీకి అందులో మాట లేదు. ప్రజాస్వామ్యం వాతావరణ మార్పుకు చాలదని తేల్చేవారు ముందు దాన్ని ఊరి దాకా రానిచ్చి చూడాలి. పైన రెండంతస్తులు కట్టి, కింద పునాది వేయకుండా, ఇల్లు ఊగుతోందని ఆశ్చర్యపోతున్నాం.

ఇందులో మన సముదాయపు బాధ్యత కూడా ఉంది, దాన్ని దాచుకోవడం మంచిది కాదు. ఎన్నికలప్పుడు మన జమాత్ కమిటీలు అభ్యర్థుల ముందు పెట్టే కోరికల పత్రం ఎప్పుడూ ఒకటే: ఖబరస్తాన్‌కు ప్రహరీ, షాదీఖానాకు నిధులు, మసీదుకు రోడ్డు. ఇవి అవసరమే. కానీ ఖబరస్తాన్‌లో గోరీ తవ్వితే మూరెడు లోతులో నీరు ఊరే రోజు వస్తే, ప్రహరీ దేన్ని కాపాడుతుంది? ఆ నీరు పక్కనున్న దళితవాడ శ్మశానంలోనూ ఊరుతుంది. తీరాన మత్స్యకారుల పేటలోనూ ఊరుతుంది. సంఖ్యలో చిన్నవారమని, మన ఓటు ఎవరినీ గెలిపించదని కోనసీమలో మనవారు అనుకుంటారు. మురుగు కాలువ దగ్గర మనం చిన్నవారం కాము. అక్కడ కౌలు రైతు, దింపు కార్మికుడు, పాలేరు, జాలరి, తోపుడు బండివాడు అందరూ ఒకే గట్టు మీద నిలబడతారు. 2022 మేలో గుంపులు చీల్చాలని చూసింది ఈ గట్టునే.

2021లో ఎన్నికైన పంచాయతీల ఐదేళ్ళ గడువు 2026 ఏప్రిల్ వరకే. గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243ఇ అధికరణం ఆదేశిస్తోంది. మళ్ళీ ప్రత్యేక అధికారుల పాలన వస్తే దాన్ని అడ్డుకోవడానికి మైనారిటీ సంఘాలు దళిత సంఘాలతో, కౌలు రైతు సంఘాలతో కలిసి హైకోర్టు మెట్లు ఎక్కాలి. ఎన్నికలు జరిగితే ప్రతి అభ్యర్థినీ అడగవలసినవి కొన్ని ఉన్నాయి. వానాకాలానికి ముందు మీ ఊరి మురుగు కాలువ పూడిక తీత లెక్కను గ్రామసభలో చదివి వినిపిస్తారా? ఊరి బావుల్లో ఉప్పు శాతాన్ని ఏటా రెండుసార్లు కొలిపించి పంచాయతీ గోడ మీద రాయిస్తారా? వరద నష్టం రాసే పట్టికలో కుట్టుమిషను, తోపుడు బండి, కౌలుదారు పేరు చేరేలా తీర్మానం చేసి కలెక్టరుకు పంపుతారా? 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపించారు. సభ జరపడం ప్రభుత్వానికి చేతకాని పని కాదని దానితో తేలిపోయింది. అటువంటి సభ పలివెలలో ఈసారి జరిగినప్పుడు, కౌశిక ఒడ్డున ఉన్న వీధుల నుంచి ఎవరెవరు వెళ్ళాలో ఆ వీధులవారు రంజాన్ లోపే కూర్చుని పేర్లు రాసుకోవాలి. వారిలో సగం మంది ఆడవారు ఉండాలి, బిందె మోస్తున్నది వారే కాబట్టి.